అన్నం మానకుండా పొట్ట తగ్గించి కండ పెంచడం: 12 వారాల పద్ధతి

పొట్ట తగ్గాలంటే అన్నం మానేయాలా? కండ రావాలంటే ప్రొటీన్ పౌడర్ తాగాల్సిందేనా? రెండూ ఒకేసారి జరుగుతాయా? ఈ మూడు ప్రశ్నలూ మళ్లీ మళ్లీ వస్తూనే ఉంటాయి. అన్నం మానక్కర్లేదు. పౌడర్ తప్పనిసరి కాదు. రెండూ ఒకేసారి చాలామందికి సాధ్యమే, ముఖ్యంగా బరువులతో ఎప్పుడూ వ్యాయామం చేయనివాళ్లకి, చేసి మానేసి ఏళ్లు గడిచినవాళ్లకి, నడుము చుట్టూ బాగా కొవ్వు చేరినవాళ్లకి.

మన భోజనంలో అసలు లోటు వేరే చోట ఉంది. ప్రొటీన్ తక్కువ, నూనె ఎక్కువ. ఈ రెండూ కళ్లకి కనిపించవు, తూచి చూస్తేనే తెలుస్తాయి. కాబట్టి ఈ పద్ధతంతా తూకం, టేపు, నోటుబుక్కుల మీదే నడుస్తుంది.

ముందు డాక్టర్ని కలవాల్సినవాళ్లు

షుగరుకి ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడుతుంటే తిండి తగ్గించగానే షుగర్ పడిపోవచ్చు. మందు మోతాదు ముందే మాట్లాడుకోండి. గుండె జబ్బు, అదుపులో లేని బీపీ, హెర్నియా, నడుము డిస్కు సమస్య ఉన్నవాళ్లు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, 18 ఏళ్లు నిండనివాళ్లు సొంతంగా మొదలుపెట్టొద్దు.

కిడ్నీ సంగతి విడిగా చెప్పాలి. ఆరోగ్యంగా ఉన్న కిడ్నీలకి ఇక్కడ చెప్పే ప్రొటీన్‌తో ఇబ్బంది లేదు. ఇప్పటికే దెబ్బతిన్న కిడ్నీలకి మాత్రం ఇది బరువు. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతం వాళ్లు, ఇంట్లో కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, చాలాకాలంగా షుగర్, బీపీ ఉన్నవాళ్లు ముందు సీరం క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చూపే రక్తపరీక్ష), మూత్రంలో ప్రొటీన్ పరీక్షలు చేయించుకోండి. ఫలితం డాక్టర్ చూశాకే ప్రొటీన్ పెంచండి.

కావలసినవి

- వంటింటి డిజిటల్ త్రాసు. 5 కిలోల వరకు, 1 గ్రాము తేడా చూపించేది.
- బరువు చూసుకునే మెషీను. దాన్ని ఎప్పుడూ గట్టి నేలమీదే, ఒకే చోట ఉంచాలి.
- దర్జీలు వాడే టేపు.
- 5 మి.లీ., 15 మి.లీ. కొలత చెంచాలు.
- ఒక నోటుబుక్కు. ఫోన్లో రాసుకున్నా సరే, రాయడం మాత్రం మానొద్దు.
- బరువులు. దగ్గర్లో జిమ్ ఉంటే అదే మేలు. లేకపోతే ప్లేట్లు మార్చుకునే డంబెల్స్ జత, ఒక్కోటి కనీసం 15 కిలోల దాకా పెరిగేవి. అవీ కుదరకపోతే పుస్తకాలు నింపిన బ్యాక్‌ప్యాక్, 20 లీటర్ల నీళ్ల క్యాన్, 26 కిలోల బియ్యం బస్తా. మొదటి రెండు నెలలు వీటితో నడిచిపోతుంది.

1. మొదటి రోజు కొలతలు

పొద్దున్నే మూత్రానికి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు బరువు చూడండి. తర్వాత నడుము. మామూలుగా ఊపిరి వదిలి, పొట్ట లోపలికి లాగకుండా, బొడ్డు మీదుగా టేపు నేలకి సమాంతరంగా తిప్పండి. టేపు చర్మాన్ని ఆనాలి, నొక్కకూడదు. మూడుసార్లు కొలిచి మధ్య అంకె రాసుకోండి. వెనకవైపు టేపు కిందికి జారితే అంకె మారిపోతుంది. అద్దం ముందు నిలబడి చూసుకోండి.

మన దేశస్థులకి నడుము మగవాళ్లలో 90 సెం.మీ., ఆడవాళ్లలో 80 సెం.మీ. దాటితే ప్రమాద సూచనగా తీసుకుంటారు. బరువు "నార్మల్"గానే ఉన్నా నడుము ఈ గీత దాటిందంటే ఈ పద్ధతి మీకోసమే.

ముందు, పక్క, వెనక నుంచి మూడు ఫోటోలు కూడా తీసుకోండి. ఎవరికీ చూపించనక్కర్లేదు.

2. మీ కేలరీలు, ప్రొటీన్ లెక్క

కూర్చుని చేసే ఉద్యోగం, వారానికి మూడు రోజులు వ్యాయామం అనుకుంటే, ఇప్పటి బరువుని మగవాళ్లు 30తో, ఆడవాళ్లు 28తో హెచ్చించండి. బరువు నిలకడగా ఉండటానికి రోజుకి కావలసిన కేలరీలు ఉరామరిగా వస్తాయి. అందులోంచి 350 నుంచి 400 తీసేయండి. ఇది అంచనా మాత్రమే, తప్పుంటే మూడో వారానికి టేపే చెబుతుంది. మగవాళ్లు 1500 కంటే, ఆడవాళ్లు 1200 కంటే కిందికి దిగొద్దు.

ప్రొటీన్‌కి మీ ఇప్పటి బరువు కాకుండా ఉండాల్సిన బరువు తీసుకోండి. మగవాళ్లు ఎత్తు సెంటీమీటర్లలోంచి 100, ఆడవాళ్లు 105 తీసేస్తే సరిపోతుంది. ఆ అంకెని 1.6తో హెచ్చించండి.

ఉదాహరణకి 170 సెం.మీ. ఎత్తు, 75 కిలోల మగమనిషి: 75 × 30 = 2250, అందులోంచి 400 పోతే 1850 కేలరీలు. ప్రొటీన్ 70 × 1.6 = 112 గ్రాములు. 157 సెం.మీ. ఎత్తు, 62 కిలోల స్త్రీ: 62 × 28 = 1736, అందులోంచి 350 పోతే ఇంచుమించు 1400 కేలరీలు. ప్రొటీన్ 52 × 1.6 = 83 గ్రాములు.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పే కిలోకి 0.83 గ్రాములు ఆరోగ్యంగా బతకడానికి సరిపోయే లెక్క. తిండి తగ్గిస్తూ, బరువులెత్తుతూ, ఉన్న కండని కాపాడి కొత్త కండ కట్టాలంటే అది చాలదు.

సన్నగా ఉండి పొట్ట మాత్రమే ఉన్నవాళ్లు 400 తగ్గించొద్దు. 150 నుంచి 200 చాలు. ఎక్కువ కోస్తే ముఖం పీక్కుపోతుంది, చేతులు చిక్కిపోతాయి, పొట్ట మాత్రం అక్కడే ఉంటుంది.

3. వంటింట్లో మూడు రోజులు తూచండి, ఏమీ మార్చొద్దు

మార్పులు తర్వాత. ముందు మూడు రోజులు మామూలుగా తినేదే తింటూ, తూచి రాయండి. అన్నీ పచ్చి తూకమే, అంటే వండకముందు బరువు. వండిన అన్నం పోసే నీళ్లనిబట్టి మారిపోతుంది. బియ్యం మారవు. 100 గ్రాముల బియ్యం ఉడికి 270 నుంచి 300 గ్రాముల అన్నం అవుతుంది. ఎలక్ట్రిక్ కుక్కర్‌తో వచ్చే 180 మి.లీ. కప్పు అంచుకు సమానంగా నింపితే దాదాపు 150 గ్రాముల బియ్యం పడతాయి. దాంట్లో సగం, అంటే 75 గ్రాములు, ఒక మనిషికి ఒక పూటకి.

ఇంట్లో అందరికీ కలిపి వండితే, మొత్తం బియ్యం తూచి, వండిన అన్నం గిన్నెతో సహా తూచి గిన్నె బరువు తీసేయండి. ఉదాహరణకి 300 గ్రాముల బియ్యం 840 గ్రాముల అన్నం అయితే, 75 గ్రాముల బియ్యానికి మీ వాటా 210 గ్రాములు. రెండు మూడుసార్లు చేశాక కంటికే అలవాటవుతుంది.

ఇప్పుడు నూనె. నలుగురున్న ఇంట్లో నెలకి 4 లీటర్లు అయిపోతోందంటే మనిషికి రోజుకి 33 మి.లీ. పడుతున్నట్టు. అంటే 270 కేలరీలకి పైనే, దాదాపు 75 గ్రాముల బియ్యంతో సమానం. ఇది కళ్లకి కనపడదు. పోపులో గరిటెతో వంచిన నూనె, వంకాయ పీల్చుకున్న నూనె, దోసె అంచుల చుట్టూ పోసినది, ఆవకాయ ముక్కతోపాటు కలిపిన నూనె, వేడన్నంలో నెయ్యి, అన్నీ కలిసి మొత్తం లెక్క తప్పిస్తాయి. కడుపు నిండేది అన్నంతో. కేలరీలు దొంగతనంగా చేరేది నూనెతో. తిట్లు పడేది మాత్రం అన్నానికి!

నూనెని సీసాలోంచి నేరుగా బాణలిలోకి వంచడం ఆపండి. చెంచాతో కొలిచి వేయండి. మనిషికి రోజుకి 15 నుంచి 20 మి.లీ. లక్ష్యం. 5 మి.లీ. చెంచా నూనెకి ఇంచుమించు 40 కేలరీలు. పోపుకి మనిషికి ఒక చెంచా బాగానే సరిపోతుంది. వేపుళ్లకి మాత్రం సరిపోదు, కాబట్టి వేపుడు వారానికి ఒక రోజు పెట్టుకుని మిగతా రోజులు పులుసు, ఇగురు, పప్పుకూరలు చేసుకోండి.

4. ప్రొటీన్ ఎక్కడ దొరుకుతుంది

ఇవి పచ్చి తూకంలో ఉరామరి అంకెలు:

- గుడ్డు ఒకటి: 6 గ్రా. ప్రొటీన్, 72 కేలరీలు
- తోలు, ఎముక లేని కోడి రొమ్ము మాంసం 100 గ్రా.: 22 గ్రా., 120 కేలరీలు
- శీలావతి, బొచ్చె లాంటి చెరువు చేప ముక్కలు 100 గ్రా.: 16 గ్రా. పైన
- కందిపప్పు 100 గ్రా.: 22 గ్రా., 340 కేలరీలు. పెసలు, ఉలవలు కూడా ఇంచుమించు ఇంతే
- మీల్ మేకర్ పొడిగా 100 గ్రా.: 52 గ్రా., 345 కేలరీలు
- పనీర్ 100 గ్రా.: 18 గ్రా., 280 కేలరీల దాకా
- పెరుగు 100 గ్రా.: 3 గ్రా. పైన, 60 కేలరీలు
- వేరుశనగ 100 గ్రా.: 25 గ్రా., కానీ 567 కేలరీలు

చివరిది జాగ్రత్త. పల్లీలు మంచి ఆహారమే, కానీ ప్రొటీన్ కోసమని గుప్పెళ్లు తింటే కేలరీలు రెట్టింపు వేగంతో ఎక్కుతాయి. పల్లీ చట్నీ కూడా అంతే.

అందరూ మోసపోయేది పప్పు దగ్గర. "రోజూ పప్పు తింటాం కదా, ప్రొటీన్ సరిపోతుంది" అంటారు. మీ ఇంట్లో నలుగురికి ఎంత కందిపప్పు నానేస్తారో రేపు తూచి చూడండి. 80 గ్రాములు అయితే మనిషికి 20 గ్రాములు, అంటే నాలుగున్నర గ్రాముల ప్రొటీన్. పప్పుచారు, సాంబారు అయితే ఇంకా తక్కువ. ముద్దపప్పుగా చేసి మనిషికి 35 గ్రాములకి పెంచితే 8 గ్రాములు వస్తుంది. ఇడ్లీ ఒక్కోదానిలో 2 గ్రాములే. ఉప్మాలోనూ ప్రొటీన్ తక్కువే. పొద్దున టిఫిన్‌లో లోటు మొదలైతే రాత్రికి పూడ్చడం కష్టం.

5. ఒక రోజు పళ్లెం

1850 కేలరీల లెక్కకి ఇలా వస్తుంది.

పొద్దున: 60 గ్రాముల పెసలతో రెండు పెసరట్లు, ఒక చెంచా నూనె, అల్లం పచ్చడి, రెండు ఉడికించిన గుడ్లు. ప్రొటీన్ 26 గ్రా.

మధ్యాహ్నం: 75 గ్రాముల బియ్యం అన్నం, 35 గ్రాముల కందిపప్పుతో పప్పు, ఒక పెద్ద కప్పు కూరగాయ కూర, 150 గ్రాముల చికెన్ ఇగురు, 150 గ్రాముల పెరుగు. కూరకి, ఇగురుకి చెరొక చెంచా నూనె. ప్రొటీన్ 55 గ్రా.

సాయంత్రం: 30 గ్రాముల వేయించిన శనగలు, ఒక కాఫీ, ఒక చెంచా చక్కెర మించకుండా. ప్రొటీన్ 9 గ్రా.

రాత్రి: 60 గ్రాముల జొన్నపిండితో రెండు రొట్టెలు, ఆకుకూర, రెండు గుడ్ల పొరటు, ఒక చెంచా నూనె. ప్రొటీన్ 20 గ్రా.

మొత్తం 110 గ్రాముల ప్రొటీన్, 1800 కేలరీలకి కాస్త పైన. జొన్నరొట్టె ఇష్టం లేకపోతే అంతే తూకం బియ్యం అన్నం తినండి. కేలరీల్లో తేడా లేదు.

గుడ్డు, మాంసం తిననివాళ్లు నాలుగు గుడ్లు, చికెన్ బదులు మూడు పెట్టుకోండి: పొడి మీల్ మేకర్ 40 గ్రాములు, పనీర్ 75 గ్రాములు, ఒక స్కూప్ వే ప్రొటీన్. ప్రొటీన్, కేలరీలు రెండూ అటూ ఇటూగా సరిపోతాయి. మీల్ మేకర్ వేడినీళ్లలో నానబెట్టి రెండుసార్లు గట్టిగా పిండితే ఆ వాసన పోతుంది. అప్పుడు కాస్త పెరుగు, అల్లంవెల్లుల్లిలో అరగంట ఉంచి వండితే ఇంట్లో అందరూ తింటారు. పౌడర్ వద్దనుకుంటే ఆ 24 గ్రాములు పప్పులు, పెరుగు నుంచే తెచ్చుకోవాలి. అప్పుడు అన్నం ఇంకాస్త తగ్గుతుంది, వేరే దారి లేదు.

1400 కేలరీల లెక్కవాళ్లు మధ్యాహ్నం అన్నం 60 గ్రాముల బియ్యానికి, చికెన్ 100 గ్రాములకి, రొట్టె ఒకటికి దించి, పొద్దున ఒక పెసరట్టు, సాయంత్రం సగం శనగలు పెట్టుకోండి. గుడ్లు అన్నీ అలాగే ఉంచండి.

అయ్యప్ప దీక్ష 41 రోజులు, కార్తీక సోమవారాలు, రంజాన్ ఉపవాసాలు వచ్చినప్పుడు బరువులు పెంచే ప్రయత్నం పక్కనపెట్టండి. దీక్షలో ఉన్నవాళ్లు మధ్యాహ్న భిక్షలో పప్పు, పెరుగు రెట్టింపు చేసుకుని, రాత్రి అల్పాహారం పెసరట్టు చేసుకుంటే చాలావరకు నెట్టుకురావచ్చు. వ్యాయామం వారానికి రెండు రోజులు, ఎత్తే బరువు తగ్గకుండా ఉంటే చాలు.

6. వ్యాయామం: వారానికి మూడు రోజులు

సోమ, బుధ, శుక్ర అనుకోండి. ఒకరోజు "ఎ", తర్వాతి రోజు "బి", మళ్లీ "ఎ". మరుసటి వారం "బి"తో మొదలు. రోజుకి ఛాతీ, రోజుకి చెయ్యి అని విడగొట్టే పద్ధతి కొత్తవాళ్లకి వద్దు. ఒక్కరోజు పోయిందంటే ఆ భాగానికి మళ్లీ వారం దాకా పని ఉండదు.

ముందు ఐదు నిమిషాలు చురుగ్గా నడక, ఆపై ప్రతి వ్యాయామానికీ సగం బరువుతో ఒక సెట్ వేడెక్కడానికి. సెట్ అంటే ఆగకుండా వరసగా చేసే ఒక విడత.

"ఎ" రోజు
- గోబ్లెట్ స్క్వాట్: 3 సెట్లు, 8 నుంచి 12 సార్లు
- దండీలు (పుష్‌అప్స్) లేదా బెంచ్ ప్రెస్ (బల్లమీద వెల్లకిలా పడుకుని బరువు పైకి నెట్టడం): 3 సెట్లు, 8 నుంచి 12
- ఒంటిచేతి డంబెల్ రో (ముందుకి వంగి బరువుని నడుము వైపు లాగడం): చేతికి 3 సెట్లు, 10 నుంచి 12
- ప్లాంక్ (మోచేతులు, కాలివేళ్ల మీద ఒళ్లు పలకలా నిలపడం): 3 సార్లు, 30 నుంచి 45 సెకన్లు

"బి" రోజు
- రొమేనియన్ డెడ్‌లిఫ్ట్: 3 సెట్లు, 8 నుంచి 12
- డంబెల్ షోల్డర్ ప్రెస్ (బరువులు భుజాల దగ్గర్నుంచి తలపైకి ఎత్తడం): 3 సెట్లు, 8 నుంచి 12
- లాట్ పుల్‌డౌన్ లేదా పుల్‌అప్: 3 సెట్లు, 8 నుంచి 12
- ఎత్తుపీట మీదికి ఎక్కిదిగడం, చేతుల్లో బరువుతో: కాలికి 2 సెట్లు, 10
- రెండు చేతుల్లో బరువులు మోస్తూ నడక: 3 సార్లు, 30 మీటర్లు

సెట్‌కి సెట్‌కి మధ్య ఒకటిన్నర నుంచి రెండు నిమిషాలు ఆగండి. ఆయాసం తగ్గకముందే మొదలెడితే గుండెకి వ్యాయామం అవుతుందే తప్ప కండకి సరిపడా పని పడదు.

బరువు ఎంత? సెట్ అయ్యేసరికి "ఇంకో రెండుసార్లు ఎత్తగలను, మూడోది అనుమానం" అనిపించాలి. ఇంకో ఐదారు తేలిగ్గా అవుతాయంటే బరువు చాలలేదు. చివరిది మెలికలు తిరుగుతూ ఎత్తితే బరువు ఎక్కువైంది.

స్క్వాట్‌కి డంబెల్ నిలువుగా పట్టుకుని గుండెకి ఆనించండి. పాదాలు భుజాలంత ఎడం, వేళ్లు కాస్త బయటికి. గొంతుక్కూర్చోవడానికి దిగినట్టే దిగండి. తొడలు నేలకి సమాంతరం దాకా వెళ్లాలి, మడమలు లేవకూడదు. చిన్నప్పుడు బడిలో తీసిన గుంజీలలా ఊపుతో పైకి లేవొద్దు. దిగడానికి రెండు సెకన్లు పట్టాలి. మడమలు లేస్తుంటే సన్నటి పలక ఏదైనా మడమల కింద పెట్టుకోండి. మోకాలు నొప్పి ఉన్నవాళ్లు కుర్చీ మీద కూర్చుని లేచే పద్ధతితో మొదలుపెట్టి, వారవారం ఎత్తు తగ్గించుకోండి.

దండీలు నేలమీద రాకపోతే మోకాళ్లమీద వద్దు. వంటగట్టు అంచుమీద చేతులు పెట్టి, ఒళ్లంతా పలకలా నిటారుగా ఉంచి చేయండి. 12 వచ్చాక మంచం పట్టె, తర్వాత పీట, ఆఖరికి నేల.

ఎక్కువమంది చెడగొట్టుకునేది రొమేనియన్ డెడ్‌లిఫ్ట్. ఇది నడుము వంచే వ్యాయామం కాదు, తుంటి వెనక్కి నెట్టే వ్యాయామం. గోడకి వీపు పెట్టి, ఒక అడుగు ముందుకి జరిగి నిలబడండి. మోకాళ్లు కొద్దిగా మాత్రమే వంచి, పిరుదులు గోడకి తగిలేదాకా వెనక్కి నెట్టండి. వీపు బల్లలా ఉండాలి. వరినాటులో వంగినట్టు గుండ్రంగా వంగితే బరువంతా నడుము డిస్కుల మీద పడుతుంది. డంబెల్స్ తొడలకి రాసుకుంటూ మోకాలి కింద కాస్త దాకా దిగాలి, అంతే. తొడ వెనక భాగం గట్టిగా లాగినట్టుంటే సరిగ్గా చేస్తున్నట్టు. నడుములో పట్టేసినట్టుంటే ఆపి, బరువు సగానికి దించి, పక్కనుంచి ఫోన్లో వీడియో తీసి చూసుకోండి.

డంబెల్ రో చేసేటప్పుడు మోచెయ్యి ప్యాంటు జేబు వైపు వెనక్కి వెళ్లాలి, భుజం చెవి వైపు లేవకూడదు. లాట్ పుల్‌డౌన్ అంటే గిలక బావిలో చేద లాగినట్టే, కడ్డీ మెడ వెనక్కి కాకుండా ఛాతీ పైభాగానికి రావాలి. ఇంట్లో కడ్డీ లేనివాళ్లు బియ్యం బస్తా గానీ బరువు నింపిన బ్యాగు గానీ రెండు చేతులతో రో చేయండి. ఆడవాళ్లకి కూడా ఇదే పట్టిక, ఇవే సెట్లు. "బరువులెత్తితే మగరాయుడిలా అయిపోతాను" అన్న భయం పెట్టుకోకండి. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలెత్తి కంచు పతకం తెచ్చిన కరణం మల్లీశ్వరి మన శ్రీకాకుళం జిల్లా ఆడపడుచే. ఆ స్థాయికి చిన్ననాటి నుంచి ఏళ్ల సాధన కావాలి. వారానికి మూడు గంటలతో ఒళ్లు గట్టిపడుతుంది, నడుము తగ్గుతుంది.

7. బరువు పెంచే పద్ధతి

ప్రతి సెట్ రాయండి: "గోబ్లెట్ 10 కిలోలు: 10, 9, 8" అని. మూడు సెట్లలోనూ 12 వచ్చిన రోజున, తర్వాతిసారి 2 లేదా 2.5 కిలోలు పెంచండి. మళ్లీ 8కి పడిపోతుంది. అక్కడినుంచి 12కి ఎక్కండి. ఇదే కండ పెరిగే దారి. నోటుబుక్కులో అంకెలు నెలరోజులుగా కదలకపోతే కండ కూడా కదలనట్టే, చెమట ఎంత కారినా సరే.

ఏడో వారం సెట్లు సగానికి తగ్గించండి, బరువులు అవే ఉంచండి. కీళ్లకి, నిద్రకి ఆ వారం అవసరం. ఎనిమిదో వారం మళ్లీ పూర్తిగా.

రోజుకి 7000 నుంచి 8000 అడుగులు నడవండి. నడక బరువుల తర్వాత గానీ, వేరే పూట గానీ. ఎండాకాలంలో వ్యాయామం పొద్దున 7 లోపే ముగించి, ఉప్పు వేసిన మజ్జిగ తాగండి. నిద్ర 7 గంటలు. రాత్రి 12 దాటి పడుకుని పొద్దున 5కి జిమ్‌కి వెళ్లేవాళ్లు ఆ వ్యాయామాన్ని సాయంత్రానికి మార్చుకోవడం మంచిది.

8. పౌడర్లు, ఇంజెక్షన్లు

వే ప్రొటీన్ పాలనుంచి తీసిన ఆహారమే. ఒక స్కూపులో 24 గ్రాముల దాకా ప్రొటీన్. గుడ్లు, చికెన్ తినేవాళ్లకి అవసరం తక్కువ. కొంటే డబ్బామీద ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రతా సంస్థ) నంబరు, బ్యాచ్ నంబరు, తేదీ చూసి, కంపెనీ పేర్కొన్న అమ్మకందారు దగ్గరే కొనండి. విడిగా కవర్లలో పోసి అమ్మేది ముట్టుకోవద్దు.

బరువులెత్తే శక్తి పెంచే పొడి క్రియాటిన్ మోనోహైడ్రేట్ రోజుకి 3 నుంచి 5 గ్రాములు పనిచేస్తుంది. మొదట్లో ఒంట్లో నీరు పట్టి కిలో దాకా బరువు చూపిస్తుంది, అది కొవ్వు కాదు. రక్తపరీక్షలో క్రియాటినిన్ కూడా కాస్త పెరిగి కనిపించవచ్చు. పరీక్షకి వెళ్తే వాడుతున్న సంగతి డాక్టర్‌కి చెప్పండి.

ఫ్యాట్ బర్నర్ మాత్రలు వద్దు. కొన్ని జిమ్‌లలో "పంప్ కోసం" అంటూ చేతులు మారే మెఫెంటర్మిన్ ఇంజెక్షన్ అసలు ఆపరేషన్ సమయంలో బీపీ పడిపోతే ఇచ్చే మందు. దాంతో బరువులెత్తితే గుండె లయ తప్పవచ్చు. కండ పెంచే స్టెరాయిడ్లు ఒంట్లో సొంత టెస్టోస్టిరాన్ (మగ హార్మోను) తయారీని ఆపేస్తాయి, పిల్లలు పుట్టే అవకాశాన్ని దెబ్బతీస్తాయి. ఎవరైనా సూది చేతికిస్తే ఆ జిమ్ మారండి. ఈ ఒక్క విషయంలో మొహమాటం వద్దు.

9. ఫలితం ఎలా చూడాలి

రోజూ బరువు చూసి వారానికి సగటు తీయండి. ఒక్కరోజు అంకెకి విలువ లేదు. ముందురోజు రాత్రి ఆవకాయన్నం తింటే ఉప్పుకి నీరు పట్టి కిలో పెరగొచ్చు. ఆడవాళ్లు ఈ నెల సగటుని పోయిన నెల అదే వారంతో పోల్చుకోవాలి. బహిష్టుకి ముందు నీరు పట్టడం మామూలే. నడుము వారానికి ఒకసారి చాలు. జిమ్‌లో నిలబడితే కొవ్వు శాతం చూపించే మెషీన్లు ఒంట్లో నీటినిబట్టి మారిపోతాయి. నీళ్లు తాగి మళ్లీ ఎక్కితేనే అంకె మారవచ్చు.

మొదటి రెండు వారాలు వదిలేసి, మూడో వారం నుంచి ఇలా నిర్ణయించుకోండి:

- బరువు వారానికి 300 నుంచి 700 గ్రాములు తగ్గుతోంది, నడుము తగ్గుతోంది: ఏమీ మార్చొద్దు.
- బరువు కదలడం లేదు, నడుము తగ్గుతోంది, ఎత్తే బరువులు పెరుగుతున్నాయి: ఇదే కావలసింది. కొవ్వు పోయిన చోట కండ చేరుతోంది. భయపడి తిండి కోయొద్దు.
- మూడు వారాలుగా బరువూ నడుమూ కదలడం లేదు: ముందు మూడు రోజులు మళ్లీ తూచండి. చాలామందికి లోపం అక్కడే దొరుకుతుంది, చెంచా పోయి గరిటె తిరిగొచ్చి ఉంటుంది. లెక్క నిజంగా సరిగ్గా ఉంటే 25 గ్రాముల బియ్యం, ఒక చెంచా నూనె తగ్గించండి. ఇంచుమించు 130 కేలరీలు తగ్గుతాయి.
- వారానికి కిలోకి మించి తగ్గుతోంది, ఎత్తే బరువులు పడిపోతున్నాయి, నిద్ర పట్టడం లేదు: కండ పోతోంది. 200 కేలరీలు పెంచండి, అన్నం రూపంలోనే పెంచినా పర్వాలేదు.

తరచూ జరిగే పొరపాట్లు

సోమవారం నుంచి శనివారం దాకా తూచి తిని, ఆదివారం బిర్యానీ, కూల్‌డ్రింక్, రాత్రి మందుతోపాటు మంచింగ్ లాగించడం. ఆరు రోజులు 400 చొప్పున మిగిల్చిన 2400 కేలరీలు ఒక్క రోజులో చాలావరకు పోతాయి. బిర్యానీ మానొద్దు. అన్నం సగం చేసి ముక్కలు ఎక్కువ పెట్టించుకోండి, మరో పూట పెరుగు, పళ్లతో సరిపెట్టండి.

రాత్రి భోజనం పూర్తిగా మానేసి, పదకొండింటికి బిస్కెట్లు, మిక్చర్ తినడం. నిమ్మరసం తేనె, జీలకర్ర నీళ్లు కొవ్వు కరిగిస్తాయని నమ్మడం. తేనెలో ఉన్నది చక్కెరే. పొట్ట తగ్గడానికి రోజూ వంద క్రంచెస్ చేయడం కూడా అంతే. పొట్ట కండరం గట్టిపడుతుంది, దానిమీద కొవ్వు పొర అలాగే ఉంటుంది. ఆ పొర ఏ చోటు నుంచి ముందు కరుగుతుందో మన చేతిలో లేదు. మగవాళ్లకి చాలామందికి ముఖం, చేతులు ముందు తగ్గి, పొట్ట చివరికి తగ్గుతుంది.

కీళ్లలో పదునైన నొప్పి, చేతిలోకో కాలిలోకో పాకే తిమ్మిరి, గుండెలో బరువు, కళ్లు తిరగడం వస్తే ఆ క్షణమే ఆపండి. గుండెలో బరువు తగ్గకపోతే ఆస్పత్రికి వెళ్లండి. మర్నాడు కండలు పట్టేసినట్టుండటం మాత్రం మామూలే, రెండు మూడు రోజుల్లో పోతుంది.

10. పన్నెండో వారం తర్వాత

నడుము ఇంకా తగ్గాల్సి ఉంటే రెండు వారాలు నిలకడ కేలరీలకి వెళ్లి, అంటే ఇప్పటి కొత్త బరువు × 30 (ఆడవాళ్లకి 28) తిని, మళ్లీ 350 తగ్గించి ఇంకో విడత మొదలుపెట్టండి. పాత లెక్కతోనే సాగించొద్దు. బరువు తగ్గినకొద్దీ అవసరమూ తగ్గుతుంది. నడుము చాలనుకుంటే వారానికి 100 కేలరీల చొప్పున పెంచుతూ నిలకడకి రండి, తర్వాత దానిమీద 150 నుంచి 200 ఎక్కువ తింటూ కండమీద దృష్టి పెట్టండి. ఆ దశలో ప్రొటీన్ అదే ఉంచి, పెంచే కేలరీలు అన్నం, పళ్లు, పాలలోంచి తీసుకోండి. టేపు మాత్రం వారం వారం నడుము చుట్టూ తిరుగుతూనే ఉండాలి. నెలలో సెంటీమీటరు కంటే ఎక్కువ పెరిగితే 100 కేలరీలు వెనక్కి తీసేయండి.